బసంత్‌నగర్ నుంచి హైదరాబాద్: విమానం కొలవని దూరం

ప్రపంచ విమానాశ్రయాల జాబితాలో రామగుండానికి ఒక మూడక్షరాల కోడ్ ఉంది, ఆర్‌ఎండీ. హైదరాబాద్‌ది హెచ్‌వైడీ. దూరాలు లెక్కగట్టే ఏ కంప్యూటర్ ప్రోగ్రాంకు ఈ రెండూ ఇచ్చినా రెప్పపాటులో జవాబు చెబుతుంది: గగనమార్గాన సుమారు 190 కిలోమీటర్లు, ప్రయాణ సమయం ముప్పావు గంటకు అటూ ఇటూ. లెక్క సరైనదే, కానీ ఎక్కుదామంటే విమానం లేదు. పెద్దపల్లికీ రామగుండానికీ నడుమ, రాజీవ్ రహదారి మీది బసంత్‌నగర్‌లో రన్‌వే ఉంది. టికెట్టు కొన్న ప్రయాణికులతో విమానం అక్కడ దిగి దశాబ్దాలు గడిచాయి. విమానాశ్రయం కావాలన్న కోరిక మాత్రం పెద్దపల్లి జిల్లాలో ప్రతి ఎన్నికలకూ కొత్తగా చిగురిస్తూనే ఉంది. ఆ కోరిక వెనక ఒక నమ్మకం ఉంది: గాలిలో దూరం తక్కువ కాబట్టి విమానం వస్తే హైదరాబాద్ దగ్గరవుతుందని. ఈ ప్రాంతపు రవాణా చరిత్ర ఆ నమ్మకాన్ని బలపరచదు. ఇక్కడ ప్రయాణ కాలం ఆదా అయిన ప్రతిసారీ బయలుదేరిన చోటి నుంచి చేరవలసిన చోటి దాకా ఒకే దారిగా ఎవరో ఆలోచించారు. ఆలోచించనప్పుడు ఎంత వేగమైన బండి వచ్చినా మిగిలిన కాలం స్వల్పమే. ఈ వ్యాసం చెప్పదలచింది అదే.

ముందు ఆ ముప్పావు గంట సంగతి చూద్దాం. రెండు విమానాశ్రయాల మధ్య దూరమంటే భూగోళం ఉపరితలం మీద వాటి అక్షాంశ రేఖాంశాలను కలిపే అతి పొట్టి వంపు. దాన్ని ఒక సగటు వేగంతో భాగించి, పైకి లేచేందుకూ కిందికి దిగేందుకూ ఒక అరగంట కలిపితే ప్రయాణ సమయం వచ్చిందంటారు. రెండు వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఈ పద్ధతి దాదాపు సరిపోతుంది. రెండు వందల లోపు దూరానికి సరిపోదు. విమానయానంలో బ్లాక్ టైమ్ అనే లెక్క వేరే ఉంటుంది. చక్రాల కింది చెక్కలు తీసిన క్షణం నుంచి దిగినచోట మళ్లీ చెక్కలు పెట్టే క్షణం దాకా గడిచేదంతా అందులోకి వస్తుంది. రన్‌వే దాకా విమానం నేల మీద కదలడం, గాలివాటానికి తగిన దిశలో లేవడం, ఎత్తుకు చేరడం, దిగేచోట వరుసలో నిలవడం దూరంతో పాటు తగ్గవు. అందుకే పొట్టి ప్రయాణంలో విమానం తన అసలు వేగాన్ని అందుకున్న కాసేపటికే దిగడం మొదలుపెట్టాలి. ఇంధనం ఖర్చులో ఎక్కువ భాగం పైకి ఎక్కడానికే పోతుంది. దిగినప్పుడల్లా కట్టే రుసుములు 190 కిలోమీటర్లకైనా 900 కిలోమీటర్లకైనా ఒకటే. కాలంలోనూ డబ్బులోనూ విమానానికి ఉన్న గొప్పంతా దూరంలోనే ఉంది. దూరం తగ్గేకొద్దీ ఆ గొప్ప కరిగిపోతుంది.

ఇక నేల మీది చరిత్రకు వద్దాం. ఈ ప్రాంతానికి మొదట కాలాన్ని కుదించింది రైలు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా నిజాం రాజ్యపు ఉత్తర భాగాన్ని చీల్చుకుంటూ వేసిన మార్గం 1929 నాటికి పూర్తయింది. మద్రాసు, ఢిల్లీల మధ్య నేరు దారి ఏర్పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ అదే సంవత్సరం పరుగు మొదలుపెట్టింది. పెద్దపల్లి, రామగుండం అప్పటికి పెద్ద ఊళ్లేమీ కావు. గోదావరిఖని అనే పట్టణం పుట్టనే లేదు. ఉత్తరాన్ని దక్షిణంతో కలిపే దారిలో పడ్డాయి గనుక వాటికి స్టేషన్లు వచ్చాయి. ఆ స్టేషన్లే తర్వాతి చరిత్రను నిర్ణయించాయి. పక్కన గోదావరి నీళ్లు, కింద బొగ్గు, పైన దేశమంతా తిరిగే రైలు పట్టాలు. ఈ మూడూ ఒక్కచోట కలవడం వల్లనే ఇక్కడ కరెంటూ ఎరువూ సిమెంటూ తయారయ్యాయి. మొదట ఊరి కోసం వేయని దారి చివరికి ఊరినే తయారుచేసింది. ఇప్పటికీ హైదరాబాద్ వెళ్లే మామూలు మనిషికి ఆ పట్టాలే దిక్కు. సికింద్రాబాద్ నుంచి రామగుండానికి రైలు దారి సుమారు 225 కిలోమీటర్లు. 2024 సెప్టెంబరులో మొదలైన సికింద్రాబాద్-నాగ్‌పూర్ వందే భారత్ ఆ దూరాన్ని సుమారు రెండు నుంచి మూడు గంటల్లో దాటిస్తోంది.

విమానానికి నిజాం పాలనలోనే పునాది పడింది. బేగంపేట హైదరాబాద్ విమానాశ్రయమైంది. వరంగల్ దగ్గర మామునూరులో 1930లోనే రన్‌వే వేశారు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ 1946లో డకోటా విమానాలతో సర్వీసులు ప్రారంభించింది. అందులో పెద్ద వాటా ప్రభుత్వానిదే. 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. నిజాం స్టేట్ రైల్వే 1932లోనే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అంటే రైలు దిగినవాణ్ని ఊరికి చేర్చే బస్సు కూడా రైల్వేదే. రైలుకు పోటీగా బస్సు నడపకుండా, రైలు ఆగినచోట బస్సు అందుకునేలా చేయడం అందులోని లాభం. రాచరికపు పాలనలో ప్రజల మాట ఎంత చెల్లిందన్నది వేరే ప్రశ్న. రవాణాను ముక్కలుగా కాక ఒక గొలుసుగా చూసే తెలివి మాత్రం ఆ రైల్వేకు ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత రైలు కేంద్రానిది, బస్సు రాష్ట్రానిది, విమానం మరొక సంస్థది అయ్యాయి. ఎవరి టైంటేబుల్ వారిదైంది.

1960ల మొదట్లో సింగరేణి బొగ్గు సంస్థ గోదావరిఖని బాయిలు (గనులు) తెరిచాక ఈ నేల ముఖం మారిపోయింది. 1969లో బసంత్‌నగర్‌లో బిర్లాల కేశోరాం సిమెంట్ ఫ్యాక్టరీ వచ్చింది. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ యూనిట్ నడవడం మొదలైంది. 1978 నవంబరు 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ ఎన్టీపీసీ సూపర్ థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1980లో బొగ్గుతో ఎరువు తయారుచేసే ఎఫ్‌సీఐ కర్మాగారం ఉత్పత్తికి వచ్చింది. 1983లో ఎన్టీపీసీ తొలి 200 మెగావాట్ల యూనిట్ నడిచింది. 2004 నాటికి ఆ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. బసంత్‌నగర్ రన్‌వే ఈ కాలపు బిడ్డ, సిమెంట్ ఫ్యాక్టరీ నీడన పుట్టింది. యజమానులూ పెద్ద అధికారులూ కలకత్తా నుంచో ఢిల్లీ నుంచో వచ్చి చూసిపోవడానికి పనికొచ్చే దారి అది. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు, ఫ్యాక్టరీ తన అవసరానికి తాను వేసుకున్నది. కాకపోతే ఒకరి అవసరానికి కొలిచి వేసిన రన్‌వేను తర్వాత జిల్లా మొత్తానికి విమానాశ్రయమని చూపించడంలో ఇబ్బంది మొదలైంది.

ఇదే కాలంలో ఇదే నేల మీద మరొక దారి కూడా పడింది. సింగరేణి బొగ్గును ఎన్టీపీసీకి చేర్చడానికి మెర్రీ గో రౌండ్ అనే ప్రత్యేక రైలు వలయం వేశారు. గని దగ్గర నిండిన వ్యాగన్ నేరుగా విద్యుత్కేంద్రం దాకా వెళ్లి, కదులుతూనే అడుగు తలుపులు తెరిచి బొగ్గును కుమ్మరించి, వలయం చుట్టి మళ్లీ గనికే వస్తుంది. మధ్యలో బండి మారడం లేదు, వేరే రైలు కోసం ఎదురుచూపు లేదు. దాని వేగం ఏమంత గొప్పది కాదు. అయినా దేశంలోని అత్యంత సమర్థమైన రవాణా పద్ధతుల్లో అది ఒకటిగా నిలిచింది, మొదలూ చివరా కలిపి గీసిన దారి గనుక. బాయి నుంచి బాయిలర్ దాకా బొగ్గుకు తెగని ప్రయాణం దొరికింది. ఆ బొగ్గు తవ్విన మనిషి హైదరాబాద్‌లో ఆసుపత్రికి పోవాలంటే క్వార్టర్ నుంచి ఆటో, ఆటో దిగి బస్సో రైలో, అది దిగాక మళ్లీ సిటీ బస్సు. ఏ ప్రాంతానికి ఎంత వేగం కావాలో తేల్చే ముందు ఈ రెండు ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

1980ల్లో బసంత్‌నగర్‌కు ప్రయాణికుల విమానం నిజంగానే వచ్చింది. చిన్న ఊళ్లను కలపడానికి 1981లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టిన వాయుదూత్ సంస్థ దేశమంతా వంద దాకా ఊళ్లకు విస్తరించిన రోజులవి. ఆ సంస్థ నడిపినవాటిలో ముఖ్యమైనది 19 సీట్ల డోర్నియర్ 228. పొట్టి రన్‌వేల మీద దిగగలదు. క్యాబిన్‌లో గాలి పీడనం నిలిపే ఏర్పాటు లేదు గనుక తక్కువ ఎత్తులోనే ఎగరాలి. బసంత్‌నగర్ నుంచి బేగంపేట గగనమార్గాన సుమారు 170 కిలోమీటర్లు. డోర్నియర్‌కు గాలిలో అరగంట పని, బ్లాక్ టైమ్ ముప్పావు గంట అనుకోవచ్చు. గోదావరిఖని నుంచి రన్‌వే దాకా అరగంట, ముందుగా చేరి కూర్చోవడానికి ముప్పావు గంట, బేగంపేట నుంచి పనున్న చోటికి మరో అరగంట. అంతా సవ్యంగా సాగితే రెండున్నర గంటలు. ఆనాటి రైలు, బస్సుల మీద రెండు మూడు గంటలు మిగిలినట్టే. అయితే రైళ్లు రోజుకు ఎన్నో, బస్సులు గంట గంటకూ. విమానం రోజుకు ఒకటే ఉందనుకున్నా, దాని వేళకు తన పని వేళను సర్దుకోవలసింది ప్రయాణికుడే. పని మధ్యాహ్నానికే ముగిసినా తిరుగు విమానం మర్నాడైతే మిగిలిన రెండు గంటలూ లాడ్జిలో ఖర్చయిపోతాయి. ప్రయాణ సమయంలో ఎదురుచూపును కలపని లెక్క సగం లెక్కే.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. వాయుదూత్ మూతపడింది రామగుండం దూరం వల్ల కాదు, దేశమంతా నష్టాల్లో మునిగి 1990ల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది, దాని పతనాన్ని బసంత్‌నగర్ నెత్తిన వేయడం అన్యాయం అంటారు. నిజమే, ఒక్క సంస్థ ఓడిపోయినంత మాత్రాన ఒక మార్గం పనికిరాదని తేలదు. కాని ఆ సంస్థ ఎందుకు నష్టపోయిందో చూస్తే వాదన తిరిగి మొదటికే వస్తుంది. తక్కువ సీట్లు, పొట్టి దూరాలు, తరచుగా దిగడాలు, రైలుతో పోటీపడేందుకు తక్కువ టికెట్టు ధర. ఈ కష్టాలన్నీ రామగుండం మార్గంలోనూ కనిపిస్తాయి. రెండు దశాబ్దాలకు పైగా గడిచాక, చిన్న ఊళ్లకు రాయితీతో విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం ఇదే ప్రశ్నను మళ్లీ ఎదుర్కొంది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని ప్రారంభించిన తొలి ఉడాన్ మార్గాల్లో కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ ఉన్నాయి. రెండింటినీ నడిపింది ట్రూజెట్. ప్రభుత్వ రాయితీ ఉన్నా ఆ సంస్థ 2022లో ఆగిపోయింది. ఉడాన్ రూపకర్తలకు పొట్టి దూరపు ఇబ్బంది ముందే తెలుసు. అందుకే 2016 అక్టోబరులో ప్రకటించిన నిబంధనల్లో కొండ ప్రాంతాలూ ద్వీపాలూ వంటివి మినహా మిగిలినచోట్ల మార్గం కనీసం 200 కిలోమీటర్లు ఉండాలన్నారు. బసంత్‌నగర్ నుంచి శంషాబాద్‌కు 190. పది కిలోమీటర్ల తేడాతో హైదరాబాద్ మార్గం ఆ గీతకు ఇవతలే ఉండిపోయింది.

మరొక గీత కథ కూడా ఇక్కడే చెప్పాలి. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కేంద్రంతో కుదిరిన ఒప్పందంలో 150 కిలోమీటర్ల గగన దూరం లోపల పాతికేళ్లపాటు మరో విమానాశ్రయానికి వీలులేకుండా షరతు పెట్టారు. మామునూరు నుంచి శంషాబాద్‌కు లెక్కేస్తే సుమారు 145 కిలోమీటర్లు. అందుకే వరంగల్ కోరిక ఏళ్ల తరబడి ఆగిపోయింది. శంషాబాద్‌ను నడిపే సంస్థ అభ్యంతరం లేదని చెప్పాకే 2025లో మామునూరుకు కేంద్రం అనుమతి దొరికింది. బసంత్‌నగర్‌కు ఈ అడ్డు ఏనాడూ లేదు, అది గీతకు నలభై కిలోమీటర్లు అవతల ఉంది. అయినా రన్‌వే ఖాళీగానే ఉంది. ఆపడానికి చాలినంత దగ్గరగా లేదు, రాయితీ ఇవ్వడానికి చాలినంత దూరంగానూ లేదు. చట్టపు అడ్డు లేనిచోట కూడా విమానం రాలేదంటే లోపం మరెక్కడో ఉంది.

ఆ లోపం 2008 మార్చి 23న ఇంకొంచెం స్పష్టమైంది. ఆ రోజు హైదరాబాద్ విమానాలు బేగంపేట విడిచి శంషాబాద్ చేరాయి. హెచ్‌వైడీ అనే కోడ్ కూడా వాటితో పాటే వెళ్లింది. బేగంపేటకు బీపీఎం అని వేరే కోడ్ ఇచ్చారు. దూరాల పట్టికలో రామగుండం-హైదరాబాద్ ఒక్క రాత్రిలో సుమారు 170 నుంచి 190 కిలోమీటర్లయింది. గాలిలో ఆ ఇరవై కిలోమీటర్లు నాలుగైదు నిమిషాలు. నేల మీద సంగతి వేరు. రామగుండం నుంచి వచ్చే విమానం ఉత్తరం వైపు నుంచి వస్తుంది. పనులున్న నగరమంతా దాటి దక్షిణాన దిగిన మనిషి మళ్లీ ఉత్తరానికి గంటో గంటన్నరో వెనక్కి రావాలి. సచివాలయానికో నిమ్స్ ఆసుపత్రికో సికింద్రాబాద్‌కో పోయేవాడికి విమానం ఇచ్చిన లాభాన్ని ఆ వెనకడుగు మింగేస్తుంది. అదే సమయంలో ఢిల్లీకో దుబాయికో విమానం మారేవాడికి శంషాబాద్‌లో దిగడమే మేలు. బేగంపేట రోజుల్లో రామగుండం విమానం హైదరాబాద్‌లో పనున్నవాళ్లది. ఇప్పుడు వస్తే అది హైదరాబాద్ దాటి పోయేవాళ్లది అవుతుంది. దూరం పెద్దగా మారకపోయినా ప్రయాణికుడే మారిపోయాడు. విమానాశ్రయం కావాలనే వాదనల్లో ఈ మార్పు ఎక్కడా వినిపించదు.

దాటి పోయేవాళ్లు ఎవరు? ఫ్యాక్టరీ అధికారుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది గల్ఫ్ కార్మికులు. 1970ల చమురు కాలం నుంచి పాత కరీంనగర్ జిల్లా పల్లెలు దుబాయి, మస్కట్, కువైట్ బాట పట్టాయి. తొలి తరం బొంబాయి చేరి అక్కడ విమానమెక్కింది. తర్వాతి తరానికి హైదరాబాద్ నుంచే దారి దొరికింది. శంషాబాద్ నుంచి దుబాయికి గగనమార్గాన దాదాపు 2,550 కిలోమీటర్లు, సుమారు నాలుగు గంటలు. గోదావరిఖని నుంచి శంషాబాద్‌కు రాజీవ్ రహదారి మీదుగా దాదాపు 250 కిలోమీటర్లు, ఐదు గంటలు. మూడు గంటలు ముందుగా చేరాలి. అంటే విమానం లేవకముందే ఎనిమిది గంటలు గడిచిపోతాయి. పదో వంతు దూరానికి పెద్ద వంతు కాలం. దూరాల పట్టికలో కనిపించే నాలుగు గంటలు ఈ మనిషి ప్రయాణంలో మూడింట ఒక వంతే. తెలంగాణ పల్లెల్లో దుబాయి ప్రయాణానికి కుటుంబమంతా జీపు కట్టించుకుని సాగనంపడానికి పోవడం మామూలు. ఆ ఖర్చును కూడా ఏ టికెట్టూ చూపించదు.

ఇదంతా విన్నాక, అయితే విమానాశ్రయం వద్దంటారా అని అడగవచ్చు. మూతపడి తిరిగి తెరుచుకున్న ఎరువుల కర్మాగారం ఉంది, 2022 నవంబరులో ప్రధాని వచ్చి జాతికి అంకితం చేశారు. ఎన్టీపీసీ ఉంది, సింగరేణి ఉంది. ఇంత పరిశ్రమ ఉన్నచోట విమానం లేకపోతే పెట్టుబడి ఎట్లా వస్తుంది అన్నది రెండో అభ్యంతరం. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ తెలంగాణలో పరిశీలించిన ఆరు చోట్లలో బసంత్‌నగర్ ఉంది. ఇటీవల అదే జిల్లాలోని అంతర్గాం పేరూ వినిపిస్తోంది. అయితే ఎన్టీపీసీ, సింగరేణి, ఎఫ్‌సీఐ, కేశోరాం ఇక్కడికి వచ్చింది బొగ్గు, నీళ్లు, రైలు చూసి. విమానం చూసి వచ్చిన పెద్ద పరిశ్రమ ఈ పట్టీలో ఒక్కటీ లేదు. వాయుదూత్ ఆగిపోయాక కూడా ఎన్టీపీసీ పెరిగింది. ఎఫ్‌సీఐ 1999లో మూతపడింది, అందుకూ విమానంతో నిమిత్తం లేదు. కాబట్టి పరిశ్రమ పేరుతో విమానాశ్రయం అడగడం బలహీనమైన వాదన. అడగవలసింది మనుషుల పేరుతో.

అలా అడిగితే కోరిక రూపమే మారుతుంది. హైదరాబాద్‌కు ముప్పావు గంట అనే ఆశ వదిలేయాలి, ఆ పందెంలో రైలు ఇప్పటికే గెలిచింది. విమానం వస్తే బెంగళూరు, ముంబయి, ఢిల్లీ లాంటి దూరపు ఊళ్లకు రావాలి. అక్కడైతే గాలిలో వేగం నిజంగా గంటలు మిగులుస్తుంది, రాయితీకి పెట్టిన కనీస దూరమూ దాటుతుంది. అది వచ్చేదాకా గల్ఫ్ విమానాల వేళలకు సరిపడేలా గోదావరిఖని, మంచిర్యాల, పెద్దపల్లి, కరీంనగర్ నుంచి నేరుగా శంషాబాద్‌కు బస్సులు నడిపి, సామాను ఒక్కసారే అప్పగించే ఏర్పాటు చేస్తే రన్‌వే మీద పెట్టే ఖర్చులో కొద్దిపాటితోనే ఎక్కువమందికి ఎక్కువ కాలం మిగులుతుంది. 1932లో రైల్వే తన బస్సుతో చేసిందీ, 1980ల్లో ఎన్టీపీసీ తన బొగ్గు వలయంతో చేసిందీ ఇదే పని. కొత్త విమానాశ్రయం నివేదికలో రెండు రన్‌వేల మధ్య దూరం ఒక పంక్తిలో సరిపోతుంది. మిగిలిన పేజీలు బాయి గేటు నుంచి విమానం సీటు దాకా, దిగిన చోటి నుంచి పనిచోటి దాకా పట్టే కాలానికి కేటాయించాలి. ఆ లెక్కలో నెగ్గితే బసంత్‌నగర్‌లోనో అంతర్గాంలోనో రన్‌వే వేయడం సబబు. నెగ్గకపోతే ఆర్‌ఎండీ అనే కోడ్ జాబితాలో మరికొంతకాలం అలాగే ఉండనిచ్చి, ఆ డబ్బును బస్సుల మీదా రైళ్ల మీదా పెట్టడమే న్యాయం.